ఇప్పలగూడెంలో లేని మనిషి

ఖమ్మం, గిరిజన హాస్టలు
11 ఫిబ్రవరి 1985

జోగయ్య బావా,

నువ్వు బొగ్గు లారీ డ్రైవరుతో పంపిన తేనె సీసా అందింది. సీసా మాత్రమే అందింది. తేనె మణుగూరుకు, ఇల్లందుకు మధ్య ఎక్కడో ఒలికిపోయిందని డ్రైవరు చెప్పాడు. అతని మీసాలకు చీమలు పట్టలేదు, అదృష్టవంతుడు.

ఒక సంగతి చెప్పాలి. హాస్టలుకు వచ్చే పేపర్లో ప్రకటన పడింది. మిలిటరీ విమానాలు నడిపే ఆఫీసర్ల కోసం పరీక్ష పెడుతున్నారు. డిగ్రీలో లెక్కలు, ఫిజిక్సు చదివినవాళ్లు రాయవచ్చు. నాకు రెండూ ఉన్నాయి. బడిలో వేసిననాడు పంతులు నాకు జూలై ఒకటిని పుట్టినరోజుగా ఇచ్చాడు కదా, ఆ లెక్కన వచ్చే ఏడు నాకు వయసు దాటిపోతుంది. కనుక ఈ ఒక్కసారే. ఇది పోతే మళ్లీ విమానం మాట ఎత్తను.

దరఖాస్తు వార్డెన్ గారికి చూపించాను. "ఏరా, భద్రాచలం బస్సెక్కితేనే కక్కుతవ్. ఇమానం నడుపుతవా?" అన్నాడు. నడిపేవాడికి కక్కు రాదట సార్ అన్నాను. ఎక్కడో చదివాను. నిజమో కాదో తెలియదు.

సొంతూరు అడిగారు. హాస్టలు అడ్రసు రాసినా సరిపోయేది. నేను ఇప్పలగూడెం అనే రాశాను. ఊళ్లో నన్ను బాగా ఎరిగిన ఇద్దరు పెద్దమనుషుల పేర్లు కూడా కావాలన్నారు. బొజ్జయ్య తాత ఊరి పెద్ద కాబట్టి ఆయన పేరు రాశాను. రెండోది నీ పేరు. పెద్దమనిషివి అయ్యావని అక్కకు చెప్పు.

ఇంకెవరికీ చెప్పకు.

దూలయ్య


ఇప్పలగూడెం, చర్ల మీదుగా
9 మార్చి 1985

బామ్మర్ది దూలయ్యకు,

ఎవరికీ చెప్పవద్దని రాసిన ఉత్తరం సంతలో నా చేతికి వచ్చింది. సంత నుంచి ఊరికి నడిచే పదకొండు మైళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఊళ్లోకి వచ్చాక చెప్పాను.

మీ అమ్మ, "వాడు చింతచెట్టు ఎక్కి దిగలేక ఏడ్చెటోడు. ఇమానం మీది నుంచి ఎవడు దించుతడు?" అంది. మీ అక్క ఆదెమ్మ, "రాయనీ. పరీచ్చే గదా, పులి గాదు గదా" అని పొయ్యి ఊదుకుంది. బొజ్జయ్య తాత మాత్రం నన్ను ఒక మాట అడిగాడు.

"పైన తిరిగెటోనికి కింద మన పోడు కనబడ్తదా?"

"కనబడ్తది తాతా."

"గట్లయితే మంచిదే. ఫారెస్టోళ్ల కన్న ముందుగాల మనోడే చూస్తడు."

నిన్ను విమానానికి పంపడానికి ఊరు ఒప్పుకున్నట్టే లెక్క.

ఇక్కడి సంగతులు. సొసైటీ డిపోలో కరక్కాయ తూకం నాకే అప్పగించారు. మొన్న దోమల మందు కొట్టేవాళ్లు వచ్చారు. వాళ్లవీ ఖాకీ చొక్కాలే. ఊళ్లో ఎంతమంది ఉన్నారని అడిగితే, ముగ్గురం అని చెప్పాం. ముగ్గురికి సరిపడా కొట్టి పోయారు. మిగతా ముప్పై ఇళ్లవాళ్లం దోమలతోనే ఉన్నాం. అయినా తప్పదు. మీ నాన్నను పోడు కేసులో పట్టుకుపోయింది ఎవరో ఇల్లు చూపించబట్టే కదా. అప్పుడు నీకు తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి ఖాకీ బట్ట వచ్చి పేరు అడిగితే, ఆ పేరుగలవాడు ఊళ్లో లేడు. అది నీకు తెలిసిందే.

బాగా చదువు. పెద్దమనిషి మాట విను.

జోగయ్య


మైసూరు
14 సెప్టెంబరు 1985

బావా,

రాతపరీక్ష పాసయ్యానని కార్డు రాశాను. అందిందో లేదో తెలియదు. ఇక్కడ సెలక్షన్ బోర్డు ముందు అయిదు రోజులు ఉన్నాను. మొదటిరోజు అరవై రెండు మందిమి. చివరికి నలుగురం మిగిలాం. ఆ నలుగురిలో నేనున్నాను. రెండుసార్లు జాబితా చదివించుకున్నాను.

మిగతా ముగ్గురిలో ఇద్దరి తండ్రులు మిలిటరీలో కర్నళ్లు. ఒకడి తండ్రికి చక్కెర మిల్లు ఉంది. నా తండ్రి వృత్తి దగ్గర వ్యవసాయం అని రాశాను. ఇంటర్వ్యూ ఆఫీసరు, ఎన్ని ఎకరాలు ఉండేవి అని అడిగాడు. అది సర్కారుకూ మాకూ మధ్య ఇంకా తేలలేదు సార్ అన్నాను. ఆయన చాలాసేపు రాసుకున్నాడు.

ఒకరోజు పీపాలు, పలకలు, తాడు ఇచ్చి, ఈ గీతల మధ్య ఉన్నది నది అనుకోండి, దాటండి అన్నారు. అందరూ నేనంటే నేనని ముందుకు దూకారు. మన తాలిపేరు వాగు దాటేటప్పుడు ఈత బాగా వచ్చినవాడు చివరన ఉండాలి కదా, నేను అందరినీ దాటించి వెనక వచ్చాను. చొరవ లేదని రాస్తారనుకున్నాను. వెనక ఎందుకున్నావని అడిగారు. మా వైపు ముందు దాటినవాణ్ని ఎవరూ మెచ్చుకోరు, వెనక ఎవడైనా కొట్టుకుపోతే మాత్రం తిడతారు అన్నాను. ఆ ఆఫీసరూ రాసుకున్నాడు. నేను ఏది చెప్పినా రాసుకుంటుంటే భయం వేసింది.

యంత్రం ముందు కూర్చోబెట్టి కూడా పరీక్షించారు. చేతిలో కర్ర, కాళ్ల కింద రెండు తొక్కుడు పలకలు. కదిలే వెలుగు చుక్కను గడిలో నిలపాలి. వరదలో దోనె నడిపినట్టే ఉంది. ఈ పరీక్ష జన్మకు ఒక్కసారేనట. దోనె అయితే మునిగినా మళ్లీ ఎక్కనిచ్చేవాళ్లు.

చివరన, నీ ఊరివాళ్లు నీ గురించి ఏమనుకుంటారో రాయమన్నారు. మా ఊరివాళ్లు నా గురించి బయటివాళ్లతో ఒక్క చెడ్డ మాట చెప్పరు అని రాశాను.

రేపు బెంగళూరుకు. అక్కడి పెద్ద మిలిటరీ దవాఖానాలో వైద్య పరీక్ష, ఉత్తరం దాని పేరు మీద రాయి.

దూలయ్య


బెంగళూరు
12 అక్టోబరు 1985

బావా,

నెత్తి నుంచి అరికాలు దాకా అంతా బాగుంది, ముక్కు తప్ప. ముక్కులో ఎముక వంకరగా ఉందట. పైకి పోతే చెవులు పగులుతాయట. కోయించుకుని వస్తే మళ్లీ చూస్తామన్నారు. ఇక్కడి పెద్ద దవాఖానాలో చేరాను. నెల పైన పడుతుంది. మన ఊళ్లో ఎవరి ముక్కూ ఇన్నాళ్లు ఎవరికీ అడ్డం రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. సర్కారు నా గురించి ఎంక్వైరీ చేయిస్తుంది. ఊటవాగు ఠాణా నుంచి పోలీసులు మన ఊరికి వస్తారు. దూలయ్య ఈ ఊరివాడేనా, ఎట్లాంటివాడు అని అడుగుతారు. ఇది కేసు కాదు. కొలువు ఇచ్చే ముందు అందరికీ చేసేదే. నిజం చెప్పండి. మా ఊరివాడే, మంచివాడు అంటే చాలు. ముందుగా బొజ్జయ్య తాతకు, అమ్మకు బాగా చెప్పి ఉంచు. ఊళ్లో అందరికీ చెప్పు. వీలైతే కోడి కొయ్యండి.

మరచిపోకు బావా. ఇప్పుడు మిగిలింది ఈ ముక్కు, ఆ ఎంక్వైరీ, అంతే.

దూలయ్య


ఇప్పలగూడెం
19 అక్టోబరు 1985

బామ్మర్దీ,

తాలిపేరు పొంగి మూడు వారాలుగా టపా లేదు. నువ్వు మైసూరులో నెగ్గిన ఉత్తరమే చివరిది. నువ్వు రాస్తూ ఉన్నా మాకు అందడం లేదు. ఈ ఉత్తరం దోనె మీద దాటే మనిషికి ఇచ్చి పంపుతున్నాను, ఎందుకంటే అర్జెంటు.

మంగళవారం పోలీసులు వచ్చారు. ఎస్సై, ఇద్దరు జవాన్లు. నీ పేరు పట్టుకుని వచ్చారు. నువ్వు ఏం చేశావో నాకు తెలియదు. చేసినా మంచిదే చేసి ఉంటావు. కంగారు పడకు, ఒక్కరి నోటి నుంచి కూడా నీ మాట రాలేదు.

ఎస్సై తిన్నగా బొజ్జయ్య తాత దగ్గరికే వెళ్లాడు. "సోడి దూలయ్య ఇల్లెక్కడయ్యా?"

"గా పేరు ఇననే లేదు దొరా."

"ముత్తయ్య కొడుకు."

"ముత్తయ్య ఎన్నడో సచ్చిండు. కొడుకుల్లేరు."

"సరే, ఈ ఊరి పెద్ద బొజ్జయ్య అంట, ఆయన్ని పిలువు."

"బొజ్జయ్య గూడ సచ్చిండు దొరా. కలరా."

తన చావు తానే చెబుతూ తాత తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. నాకే ఏడుపొచ్చింది. తర్వాత నన్ను అడిగారు, మడకం జోగయ్య నువ్వేనా అని. "కాదు సార్, జోగయ్య పెండ్లాంతోని కొట్లాడి ఊరిడిసి పోయిండు" అన్నాను. మీ అక్క పక్కనే ఉంది. అవ్ అని తలూపింది. కొంచెం ఎక్కువగానే ఊపింది.

ఆ ఎస్సై మధిర వైపు మనిషిలా ఉన్నాడు, మాట మెత్తన. ఆఖరికి నీ ఫోటో తీసి మీ అమ్మకు చూపించాడు. "చూడమ్మా, నీ కొడుకే కదా?" అమ్మ ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసి, "ఎవల పిల్లగాడో దొరా. నాకొక్కతే బిడ్డ. పాపం బక్కగున్నడు, తిండి పెడ్తలేరా?" అంది.

ఎస్సై అంతా కాగితం మీద రాసుకుని పోయాడు. ఊరు నీ వెనక ఉంది. నువ్వు ఆ బెంగళూరులోనే ఉండు, ఇటు రాకు.

లేని మనిషి,
జోగయ్య


బెంగళూరు
2 నవంబరు 1985

బావా,

ముక్కులో గుడ్డలు కుక్కి ఉన్నాయి. నోటితో ఊపిరి తీస్తూ నీ ఉత్తరం చదివాను. చదివాక నోటితో కూడా ఊపిరి ఆడలేదు.

నేను పుట్టలేదు. నన్ను ఎరిగిన తాత కలరాతో పోయాడు. నన్ను ఎరిగిన బావ పెళ్లాంతో కొట్లాడి పోయాడు. ఇది ఢిల్లీకి వెళ్తుంది. అక్కడివాళ్లు ఏమనుకుంటారు? లేని మనిషి మైసూరు వచ్చి అయిదు రోజులు అన్నం తిని పోయాడనుకుంటారు.

వాళ్లు నన్ను పట్టుకోవడానికి రాలేదు. కొలువు ఇవ్వడానికి వచ్చారు. పన్నెండో తేదీ ఉత్తరంలో అంతా రాశాను. అది ఇప్పటికైనా అందితే చదువు. చదివి, వెంటనే తాతను తీసుకుని ఠాణాకు వెళ్లు. తప్పు చెప్పామని చెప్పండి. మీ చేతిలో ఉన్న పని అదొక్కటే. నా చేతిలో ఏమీ లేదు. నేను మంచం దిగకూడదు.

దూలయ్య


ఇప్పలగూడెం
17 నవంబరు 1985

దూలయ్యకు,

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు వచ్చాయి. కోడిని కోయమన్నది పైన ఉంది, తిట్టింది కింద ఉంది. వరసగానే చదివాను.

తప్పు జరిగిందని నాకు అర్థమైంది. ఊరికి అర్థం చేయించడం నా వల్ల కాలేదు. ఆదివారం అందరూ కూర్చున్నారు. నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. బొజ్జయ్య తాత అడిగాడు:

"ఎన్నడన్న మనోడు ఠాణాకు పొమ్మని చెప్పిండా?"

"లేదు తాతా."

"ఇప్పుడు చెప్పుతుండంటే, దగ్గర పోలీసోళ్లు కూసున్నట్టే. పిల్లగాన్ని పట్టుకొని రాపిస్తున్నరు."

చేతిరాత నీదే అన్నాను. పక్కన లాఠీ పెట్టుకుని రాయించినా చేతిరాత మారదు కదా అన్నారు. ముక్కు కోసే సంగతి రాసిన చోటు రెండుసార్లు చదివించుకున్నారు. మీ అమ్మ అది విని, "ముక్కులు గూడ కోస్తున్నరా?" అని ఏడ్చింది. అప్పటిదాకా నమ్మినవాళ్లు కూడా ఆ మాటతో అటు తిరిగిపోయారు.

కనుక ఊరి తరఫున అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. నువ్వు నిజంగా దూలయ్యవే అయితే, బలవంతం లేకుండా రాస్తున్నట్టయితే, చిన్నప్పుడు నీ కాలికి తేలు కుట్టినప్పుడు మందు ఎవరు వేశారో రాయి. తాత ఈ ప్రశ్న ఆలోచించి ఇచ్చాడు.

జోగయ్య


బెంగళూరు
28 నవంబరు 1985

బావా,

ముక్కు అయిపోయింది. డాక్టర్లు మళ్లీ చూసి సరే అన్నారు. ఇప్పుడు నా ఒంట్లో వంకర ఎక్కడా లేదు.

ఢిల్లీ నుంచి కాగితం వచ్చింది. "పై పేరు గల వ్యక్తి, అతడు పేర్కొన్న ఇరువురు సాక్షులు, సదరు గ్రామంలో లేరని తెలియవచ్చినది" అట. డిసెంబరు ఇరవయ్యో తేదీలోగా ఠాణా నుంచి కొత్త రిపోర్టు రాకపోతే నా పేరు కొట్టేసి వెనక ఉన్నవాణ్ని పిలుస్తారు. జూలైతో వయసు దాటుతుంది, అది నీకు ముందే రాశాను. నేను ఉన్నానని నేనే రాసిస్తే చెల్లదా అని ఇక్కడి గుమాస్తాను అడిగాను. చెల్లదన్నాడు. దవాఖానా చీటీ, కాలేజీ సర్టిఫికెట్, హాల్ టికెట్ అన్నీ చూపించాను. ఇవన్నీ నువ్వు ఎక్కడో ఉన్నావని చెబుతాయి, ఇప్పలగూడెంలో ఉన్నావని చెప్పవు అన్నాడు.

ఊరి ప్రశ్నకు జవాబు. అది తేలు కాదు, జెర్రి. కాలు కాదు, ఎడమ చెయ్యి. మందు వేసింది బొజ్జయ్య తాతే, పొగాకు నమిలి వేశాడు, అది పనిచేయలేదు. తప్పు ప్రశ్న వేసి నన్ను పట్టుకోవాలనుకున్నాడని నాకు తెలిసిపోయిందని ఆయనకు చెప్పు. ఈ ఏడాది రాసిన పరీక్షలన్నిటిలో ఇదే గట్టిది.

అమ్మకు చెప్పు, ముక్కు ఉంది.

దూలయ్య


ఇప్పలగూడెం
12 డిసెంబరు 1985

బామ్మర్దీ,

నిన్న ఠాణాకు వెళ్లివచ్చాం. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

జెర్రి సంగతి చదవగానే తాత లేచి నిలబడ్డాడు. "వాడే. పొగాకు పనిచెయ్యలేదని ఇంక ఎవడంటడు?" అన్నాడు. మరునాడే బయలుదేరాం. నేను, తాత, చెప్పకుండా వెనకాలే మీ అమ్మ.

ఎస్సై మమ్మల్ని చూసి గుర్తుపట్టాడు. "ఎవరయ్యా మీరు?"

"మొన్న సచ్చినోళ్లం దొరా" అన్నాడు తాత. "బొజ్జయ్యను నేనే. ఊరిడిసి పోయిన జోగయ్య వీడే. గీమెకు కొడుకున్నడు."

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. "అప్పుడు లేడన్నారు, ఇప్పుడు ఉన్నాడంటున్నారు. ఏది అబద్ధం?"

"నువ్వొచ్చి అడిగితే చెప్పింది అబద్ధం దొరా. మేం నడిచొచ్చి చెప్పేది నిజం. అబద్ధం చెప్పెతందుకు పదకొండు మైళ్లు ఎవడు నడుస్తడు?"

"ఎప్పుడు పుట్టాడు?"

"ఇప్పపువ్వు రాలేటప్పుడు."

"ఇక్కడ జూలై ఒకటి అని ఉందే."

"గది పంతులు పెట్టిన పుట్టుక."

ఎస్సై నవ్వాడు. "నాదీ జూలై ఒకటే. మా బ్యాచ్‌లో సగంమందిమి ఆ రోజే పుట్టాం" అన్నాడు. అప్పటి నుంచి పని కొంచెం కదిలింది. కానీ నోటిమాట చాలదు, కాగితం కావాలన్నాడు. నువ్వు చిన్నప్పటి నుంచి హాస్టళ్లలో ఉన్నావు, ఓటు లేదు, భూమికి పట్టా లేదు. ఊటవాగు ఠాణాలో మీ ఇంటి పేరున్న కాగితం ఒక్కటే ఉంది. మీ నాన్న పోడు కేసు. జవాను వెతికి తెచ్చాడు. ఎస్సై పైకి చదివాడు. సోడి ముత్తయ్య, భార్య జంపక్క, కూతురు ఒకరు, కొడుకు దూలయ్య, వయసు తొమ్మిది. ఇల్లు చూపినవారు, సోడి బొజ్జయ్య.

ఎస్సై అక్కడ ఆగాడు. చదవకూడని మాట చదివానని ఆయనకూ తెలిసింది. తాత నేల చూస్తూ నిలబడ్డాడు. "ఊకె అడిగిన్రు. ఊకె చెప్పిన. గంతే" అన్నాడు. నీకు ఈ సంగతి ఇన్నాళ్లూ నేను చెప్పలేదు. తెలిసినవాళ్లు ఊళ్లో నలుగురైదుగురమే అనుకున్నాం. మీ అమ్మ, "నాకు ఎరికే. కూసో మావా" అని తాతకు బల్ల చూపించింది.

మీ నాన్న చనిపోయాక ఆ కేసు మూసేశారు కాబట్టి అడ్డం కాదట. ఎస్సై రిపోర్టు రాశాడు. ముగ్గురం వేలిముద్రలు వేశాం. నాకు సంతకం వచ్చు, కానీ వాళ్లిద్దరూ వేలు వేశాక నేను సంతకం పెడితే బాగుండదని వేలే వేశాను. కలం మూసే ముందు ఎస్సై ఇంకొకటి అడిగాడు.

"ఒక నిజం చెప్పారు. ఇంకొకటి చెప్పండి. అడవిలో నుంచి మీ ఊరికి అన్నానికి వచ్చేవాళ్లు ఎవరు?"

"గది నువ్వడిగినవ్ దొరా" అన్నాడు తాత. "అడిగితే మాకు తెల్వదు."

ఎస్సై రిపోర్టు కవరులో పెట్టి అంటించాడు. మాకు టీ తెప్పించాడు. బయట అరుగు మీద కూర్చుని తాగాం. అది సంత రోజు, దారంతా జనం. తాత రెండు గ్లాసులు తాగాడు.

జోగయ్య


దుండిగల్, హైదరాబాదు దగ్గర
19 జనవరి 1986

బావా,

చేరాను. తల గొరిగారు. తెల్లవారకముందే పరుగు పెట్టిస్తారు. అన్నం ముళ్ల చెంచాతో తినాలి. రెండు రోజులు ఆకలితో ఉండి మూడో రోజు నేర్చుకున్నాను. మన తెలుగు మాట్లాడేవాళ్లు ఇద్దరున్నారు, ఇద్దరూ నాతో ఇంగ్లీషులోనే మాట్లాడతారు.

అసలు నడపడం మొదలుపెట్టడానికి చాలా రోజులు ఉంది. మొన్న మాత్రం చూపించడానికి ఒకసారి వెనక కూర్చోబెట్టి తిప్పారు. వార్డెన్ గారు చెప్పినట్టే కక్కాను. దిగాక శుభ్రం కూడా నేనే చేశాను. కానీ బావా, పైన ఒక పక్కకు ఒరిగినప్పుడు చెరువులు, రోడ్లు, పొలం గట్లు అన్నీ ఒకేసారి కనిపించాయి. ఏది ఎవరిదో పై నుంచి తెలియదు.

తాత సంగతి చదివాను. ఆయనతో ఏమీ అనకు. ఏప్రిల్‌లో పది రోజులు సెలవు ఇస్తారు. వచ్చినప్పుడు మొదటి పూట ఆయన ఇంట్లోనే తింటాను. యూనిఫాంలోనే వస్తాను, అమ్మ చూడాలి. రంగు నీలం, ఖాకీ కాదు. ఎవరూ అడవిలోకి పరుగెత్తనవసరం లేదని ముందే చెప్పి ఉంచు.

ఇందులో ఒక ఫోటో పెట్టాను. అమ్మకు ఇవ్వు.

దూలయ్య


చర్ల
9 ఫిబ్రవరి 1986

బామ్మర్దికి,

ఊరి నుంచి రాయడం లేదు. డిపో పని మీద వచ్చి ఇక్కడ రాస్తున్నాను.

ఏప్రిల్‌లో రాకు. ఖాకీలో గానీ నీలంలో గానీ మామూలు బట్టల్లో గానీ రాకు.

ఆ రోజు అరుగు మీద మేము టీ తాగడం చూసినవాళ్లు చాలామంది. సంక్రాంతి దాటిన వారానికి అడవిలో నుంచి కబురు వచ్చింది. తాతను తీసుకుపోయారు. ఠాణాలో ఏం చెప్పావని అడిగారట. మా పిల్లగానికి కొలువు కోసం పోయినం అన్నాడట. ఏం కొలువు అన్నారట. ఇమానం నడుపుతడు అన్నాడట. ఎవరి ఇమానం అంటే, సర్కారుదే అన్నాడట. బెంగళూరులో గుమాస్తా అంటే సరిపోయేది. ఆయన పదమూడేళ్లు అడిగినవాళ్లందరికీ అబద్ధమే చెప్పాడు. ఠాణాలో ఒకసారి నిజం చెప్పి పని సాధించాడు కదా, అడవిలోనూ అదే పనిచేస్తుందనుకున్నాడు.

రెండు రోజుల తర్వాత పంపించారు. నడిచే వచ్చాడు. కుడి చేత్తో తినలేకపోతున్నాడు, ఆదెమ్మ కలిపి పెడుతోంది. చేతికి ఏమైందని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడు. వాళ్లు అడిగిన ప్రశ్నలు, పంపిన మాట మాత్రం చెప్పాడు. ఆ పిల్లగాడు ఈ ఊరివాడైతే ఈ ఊరు సర్కారుది అవుతుంది. కాకపోతే ఏ గొడవా లేదు.

ఊరు కూర్చుంది. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

పోయిన సోమవారం ఎస్సై వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, మామూలు చొక్కా వేసుకుని, చేతిలో మిఠాయి డబ్బాతో. మా ఠాణా కింద నుంచి ఇంత పెద్ద ఆఫీసరు కావడం ఇదే మొదలు, తల్లికి ఇచ్చి పోదామని వచ్చాను అన్నాడు. చుట్టూ పదిమందిమి ఉన్నాం. వాళ్లలో ఎవరు ఎవరికి చెబుతారో తెలియదు. మీ అమ్మ చాటలో ఇప్పగింజలు ఏరుతోంది. తల ఎత్తకుండానే, "నాకొక్కతే బిడ్డ దొరా" అంది.

"అమ్మా, నువ్వే కదమ్మా వచ్చి వేలిముద్ర వేశావ్?"

"నేను గాదు దొరా. ఇంకెవలో."

ఆయన మా అందరి ముఖాలు చూశాడు. తాత చెయ్యి చూశాడు. డబ్బా బండరాయి మీద పెట్టి వెళ్లిపోయాడు. పిల్లలు తిన్నారు.

ఇక మీదట ఉత్తరాలు డిపో పేరు మీద రాయి. కవరు వెనక నీ పేరు, హోదా వద్దు. ఫోటో మీ అమ్మకు ఇచ్చాను. రెండు రోజులు ఉంచుకుంది. మూడో రోజు తానే పొయ్యిలో పెట్టింది. నీ ఉత్తరాలు కూడా చదివి పొయ్యిలో పెడుతున్నాం, పాతవి కూడా అయిపోయాయి.

అందుకని, దాచుకోవాలనిపించే మాటలు ఏవీ రాయకు. ఆరోగ్యం ఎట్లా ఉందో రాయి చాలు.